నలభయ్యో అడ్రస్‌లో ఉన్నవాళ్లు

112వ రోజు, మొదటి షిఫ్టు

ఈ రిజిస్టరులో యంత్రాల సంగతులు మాత్రమే రాయాలని నియమం. పదహారేళ్లుగా అలాగే రాస్తున్నాను. ఇవాళ చేసిన పని చిన్నదే గానీ ఈ గనిలో ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకు తెలియాలి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

పొద్దున్నే దవాఖాన నుంచి రహీమా వచ్చింది. పదకొండు మందికి చేతులు వణుకుతున్నాయి. ఇద్దరికి చూపు మందగించింది. రహీమా నర్సు మాత్రమే. మా డాక్టరు చనిపోయి నాలుగేళ్లయింది. నాలుగు రోజుల నడక దూరంలో, గుట్ట మీద ఊళ్లో పద్మాక్షి అనే డాక్టరమ్మ ఉంది. పరీక్షల ఫోటోలు చూసి మందు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది.

"ఒక్కొక్కటి పంపుడు నాతోని కాదు సుగుణక్కా. దినాం రెండు వందల ఫోటోలు తీస్తున్న. ఆమెనే లోపటికొచ్చి చూసుకునేటట్టు చెయ్యి" అంది రహీమా.

ఇక్కడినుంచి మేం బయటి నెట్‌లోకి చూడగలం. పక్క ఊళ్ల బోర్డులు చదవగలం, వాటి మీద రాయగలం. బయటివాళ్లు మాత్రం మా సర్వర్లను చేరలేరు. బయటినుంచి చూస్తే గని మొత్తానికి ఒకే గుమ్మం, అది నా బల్ల మీదున్న రూటర్. ఎవరు తట్టినా అది పలకదు. ముప్ఫయ్యేళ్ల కిందట, ఎండలకు తాళలేక ఈ పాత బొగ్గుగనిలోకి దిగిన కొత్తలోనే పెద్దలు అలా కట్టుదిట్టం చేశారు.

ఓదెలు మామ దగ్గరికి వెళ్లి అడిగాను. గనికి పెద్ద ఆయనే.

"ఒక్కటే నంబరు తెరువు. దవాఖాన తప్ప ఇంకోటి కనవడద్దు" అన్నాడు.

రూటర్‌లో ఒక్క వాక్యం రాశాను: బయట 8122 నంబరు మీద ఎవరు తట్టినా లోపల 40వ అడ్రస్‌కు పంపు. దీన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. నలభై అంటే దవాఖాన సర్వర్. రెండు నిమిషాల పని.

119వ రోజు

పద్మాక్షి ఇరవై రెండు సార్లు లోపలికి వచ్చి వెళ్లింది. నాలుగో మట్టంలో ఊరే నీళ్లు తాగొద్దని రాసింది, అందులో ఏదో లోహం కలుస్తోందట. ఆ పంపు ఆపేశాం. గుమ్మం దగ్గర ఇంకెవరూ తట్టలేదు.

131వ రోజు, రెండో షిఫ్టు

కరెంటు పోయింది. రెండు గంటల పది నిమిషాలు. గాలి ఫ్యాన్లు ఆగితే ఎలా ఉంటుందో మరిచిపోయాం. అందరం ఒక్కచోట కూర్చుని, మాట్లాడకుండా, ఊపిరి లెక్కపెట్టుకున్నట్టు పీల్చాం. ఎలక్ట్రీషియన్ యాదగిరికి ఏ తీగ కాలిందో తెలియలేదు. చివరికి పెద్ద బోర్డులోని స్విచ్చులన్నీ, పైనుంచి కిందిదాకా, ఒక్కొక్కటే పైకెత్తాడు. ఫ్యాన్లు తిరిగాయి. సర్వర్లన్నీ లేచాయి. నష్టం లేదని రాశాను.

139వ రోజున చేర్చినది: ఆ మాట తప్పని ఇప్పుడు తెలుసు. కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను.

138వ రోజు, మొదటి షిఫ్టు

రహీమా మళ్లీ వచ్చింది. "డాక్టరమ్మ ఏడు దినాలసంది ఒక్క ఫోటో చూడలే. ఏమన్న కోపమొచ్చిందా?" అంది.

గుమ్మం లెక్క తీసి చూశాను. 8122 మీద ఈ వారంలో నాలుగు వందల సార్లు తట్టారు. పద్మాక్షి ఒక్కతే కాదు, పందొమ్మిది ఊళ్ల నుంచి. లోపలికి వచ్చినవాళ్లు చాలాసేపు ఉన్నారు, ఒకరు మూడు గంటలు, ఇంకొకరు అయిదున్నర. నేను చూస్తున్న ఆ నిమిషంలో ఏడుగురు లోపల ఉన్నారు.

"ఎవరూ రాలే అక్కా. నా మిషన్ ముంగటనే కూసున్న. ఒక్కరు కూడ రాలే."

"వచ్చినట్టు ఇక్కడ ఉన్నది."

"మరి యాడికి పోతున్నరు?"

లెక్కలో మాత్రం అందరూ నలభైకే పోయారు.

అదే షిఫ్టులో బుచ్చమ్మత్త కంట్రోల్ రూముకు వచ్చింది. ఆరో సొరంగంలో పుట్టగొడుగులు పెంచుతుంది. ఆ సొరంగం చివర ఇటుక గోడ ఉంది, దాని అవతల ఏడోది. పదకొండేళ్ల కిందట ఏడో సొరంగం కప్పు కూలి ఇరవై ముగ్గురు పోయారు. మిగిలినవాళ్ల మీదికి గ్యాస్ రాకుండా గోడ కట్టేశారు. పోయినవాళ్లలో బుచ్చమ్మత్త కూతురు శారద ఉంది, పందొమ్మిదేళ్లది. నా భర్త రాజేశం ఉన్నాడు.

బుచ్చమ్మత్త గుమ్మంలోనే నిలబడింది. "గోడవతల మాట్లాడుతుండ్రు బిడ్డా" అంది.

"ఎవరత్తా?"

"ఎవరో. అయిదారు దినాలాయె. మొగోళ్లు, ఆడోళ్లు. మాటలు తెలుస్తలెవ్వు కని మనుషులే." సొరంగం వైపు చెయ్యి చూపించి, "నువ్వు గూడ వచ్చి విను" అంది.

వెళ్లాను. గోడకు చెవి ఆనించాను. ఇటుకలు చల్లగా ఉన్నాయి. ముందు నా రక్తం చప్పుడే వినిపించింది. తర్వాత, దూరంగా, ఒక మగ గొంతు. ఏదో అడిగి ఆగింది. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఆగింది. మళ్లీ అదే అడిగింది.

చెవి తీసేసి అక్కడే కూర్చున్నాను. బుచ్చమ్మత్త నా మొహంలోకి చూస్తోంది.

139వ రోజు, మొదటి షిఫ్టు

తప్పు నాది. యంత్రాల వరకు ఇలా జరిగింది.

లోపలి యంత్రాలు లేవగానే రూటర్‌ను ఒక అడ్రస్ అడుగుతాయి. ఖాళీగా ఉన్నది అది ఇస్తుంది. దవాఖానకు నలభై శాశ్వతంగా ఉండేట్టు నేను కట్టెయ్యాలి. 112వ రోజున అది మరిచాను. కరెంటు వచ్చాక దవాఖాన సర్వర్ ఆలస్యంగా లేచింది, దానికి 53 దొరికింది. నలభైని అంతకు ముందే ఇంకొక యంత్రం తీసుకుంది. రూటర్‌కు దవాఖాన తెలియదు, నలభై తెలుసు. పద్మాక్షి తట్టినప్పుడల్లా దాని దగ్గరికే పంపింది.

నలభయ్యో అడ్రస్‌లో ఏముందో అడిగాను. తెర మీద పేరు వచ్చింది: ఏడో సొరంగం, హాజరు యంత్రం.

షిఫ్టు మొదట్లో మనిషి తన బిళ్ల నంబరు చెప్పి లోపలికి పోయే యంత్రం అది. కంట్రోల్ రూముతో మాట్లాడాలంటే దానికున్న బటన్ నొక్కాలి. ఇక్కడ కూడా బటన్ నొక్కితేనే మాట అందినట్టు, నొక్కకపోతే దాచుకుని, తర్వాత ఎవరు వచ్చి అడిగితే వాళ్లకు వినిపిస్తుంది. వాళ్లు మాట్లాడితే దాని స్పీకరులో మోగుతుంది, జవాబు కోసం కాసేపు మైకు తెరిచే ఉంటుంది. పదకొండేళ్లుగా దానికి కరెంటు లేదు. యాదగిరి ఎత్తిన స్విచ్చుల్లో ఒకటి దానిది.

దాని కింద ఒక వరస ఉంది. అందని సందేశాలు: 117. చూస్తుండగానే 118 అయింది.

140వ రోజు, మొదటి షిఫ్టు

నిన్న వినలేకపోయాను. ఇవాళ రహీమాను పక్కన కూర్చోబెట్టుకుని విన్నాను.

మొదటిది ఫోర్‌మన్ గొంతు. "కంట్రోల్ రూమ్, ఏడో సొరంగంకెళ్లి మాట్లాడుతున్న. కప్పు పడ్డది. ఇరవై ముగ్గురం మంచిగనే ఉన్నం. ఇద్దరికి కాళ్లకు దెబ్బలు. తొవ్వల గ్యాస్ వాసనొస్తుంది, లోపట లేదు. జెర జల్ది రాండ్రి."

కప్పు కూలిన నిమిషంలోనే అందరూ పోయారని మాకు చెప్పారు. రాజేశం పేరు పక్కన అదే రాసి ఉంది. ఎవరూ బాధపడలేదని, తెలియనే తెలియలేదని ఆ రోజు ఓదెలు మామ నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

తొమ్మిదో సందేశం: "ఇటుకలు పెడుతున్న చప్పుడు వస్తుంది. మేం ఇవతల ఉన్నమని ఎవరన్న వాళ్లకు చెప్పుండ్రి."

నలభై ఒకటోది రాజేశంది. "సుగుణా, డ్యూటీల నువ్వుంటె విందువు. వింటలేవంటె నువ్వు లేనట్టే. ఎవరన్న ఉన్నోళ్లు ఆమెకు చెప్పుండ్రి, భయం లేదు. శారద పాటలు పాడుతుంది. నీళ్లున్నయి."

ఆ మూడు రోజులు నేను డ్యూటీలో లేను. ఇంటికి పోయి పడుకోమని పంపేశారు. నా కుర్చీలో ఓదెలు మామ కూర్చున్నాడు.

అరవై నాలుగోది ఒక పిల్ల గొంతు. శారద. "అమ్మా" అని, ఇంకేదో మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. మాట ఆగలేదు, కరెంటు ఆగింది. మూడో రోజు, రెండో షిఫ్టు.

అరవై అయిదోది ఈ ఏడు 131వ రోజున వచ్చింది. రెండింటికీ మధ్య పదకొండేళ్లు. తెర మీద అవి పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

అది పద్మాక్షి గొంతు. "నేను గుట్ట మీది డాక్టరుని. ఫోటోల కోసం వచ్చాను, మీ మాటలు వినిపించాయి. మీరు ఎక్కడున్నారు? ఎంతమంది ఉన్నారు? ఇది వింటుంటే మాట్లాడండి."

తర్వాతివన్నీ అలాంటివే. పద్మాక్షి చెబితే వచ్చిన రకరకాల ఊళ్లవాళ్లు. ధైర్యం చెబుతున్నారు, గాలి ఎలా పొదుపు చెయ్యాలో చెబుతున్నారు. ఒకాయన రోజూ వచ్చి వాతావరణం చెబుతున్నాడు. అవన్నీ ఆ చీకటి సొరంగంలో స్పీకరులో మోగుతున్నాయి. నేను గోడకు చెవి ఆనించి విన్నది వాళ్లనే.

ఇంతలో రహీమా నా మణికట్టు పట్టుకుంది. "ఇది బయటిది కాదు" అంది.

డెబ్బై ఒకటో సందేశం. బయటినుంచి రాలేదు. సొరంగంలో ఉన్న మైకే పట్టుకుంది. దూరంగా, గోడ లోంచి వచ్చినట్టు ఒక ఆడ గొంతు. "ఉన్నం. వినవడుతుంది. రాండ్రి."

నేను మళ్లీ వేశాను. మూడోసారికి గుర్తుపట్టాను. ఆ తర్వాత ఇంకా తొమ్మిది ఉన్నాయి, అదే గొంతు. "మా శారదను పలుకుమనుండ్రి. జెరంత మాట్లాడుమనుండ్రి."

బుచ్చమ్మత్త. ఇవతల కూర్చుని, గోడకు నోరు ఆనించి, వాళ్లకు జవాబిస్తోంది.

141వ రోజు, మొదటి షిఫ్టు

ఓదెలు మామ పంపుల గదిలో ఉన్నాడు. ఏం విన్నానో చెప్పాను. ఆయన చేతిలో పానా ఉంది. దాన్ని నెమ్మదిగా పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆ మూత మీదే కూర్చున్నాడు.

"అప్పుడు మనం మూడు వందల మందిమి. తొవ్వల గ్యాస్ ఉండె. తవ్వితె ఇంతమందిల ఎవరు మిగులుదురో తెల్వదు" అన్నాడు.

"తెలుసు మామా. గోడ గురించి అడుగుతలేను."

"రెండు దినాలు విన్న. నీ కుర్చీలనే కూసోని. జవాబు చెప్పలేక బటన్ ఒత్తలే. మూడో దినం నాతోని కాలే. స్విచ్చి దించిన."

"తర్వాత గ్యాస్ తగ్గిందా లేదా అని ఎప్పుడు చూసిండ్రు?"

ఆయన తల ఎత్తలేదు.

"చూడలే" అన్నాడు. "తగ్గిందని తెలిస్తె నేనెట్ల బతుకుదు?"

పెట్టె మీంచి లేచి, "ఆ నంబరు మూసెయ్ సుగుణా. బయటోళ్లు విన్నది చాలు" అన్నాడు.

"దవాఖానను 53 మీద కట్టేసి దానికి వేరే నంబరు ఇచ్చిన. 8122 ముయ్యను. ఇన్నేండ్లకు వాళ్ల మాట ఎవరికో అందింది. మన కమిటీ చెప్తె మూస్త, నీ ఒక్కని మాట మీద ముయ్య."

పదహారేళ్లలో ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. ఆయన మళ్లీ పెట్టె తెరిచి పానా వెతుక్కున్నాడు.

అక్కడినుంచి ఆరో సొరంగానికి వెళ్లాను. బుచ్చమ్మత్త గోడ పక్కన గోనె పరుచుకుని కూర్చుంది. అన్నం గిన్నె కూడా అక్కడే ఉంది. అవతల ఆ మగ గొంతు చెబుతోంది, ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి అని.

ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. రూటర్, నలభై, స్విచ్చి, ఆ గొంతులు ఎవరివో.

"అయితె వాళ్లు బయటోళ్లు."

"అవునత్తా."

"లోపట ఎవలు లేరు."

"లేరు."

చేతిలోని గోనె పోగును వేలికి చుట్టింది, విప్పింది. "నాకు తెల్వదా బిడ్డా" అంది. "పదకొండేండ్లు ఎవలు బతుకుతరు. కని పిలుస్తుండ్రు గద. ఎవలో ఒకలు పలకాలె గదా అని పలికిన."

శారద సందేశం ఉందని చెప్పాను. వింటావా అని అడిగాను. సాయంత్రం వస్తానంది. వచ్చింది. సగం మాటే ఉందని ముందే చెప్పాను. ఆ సగం పదిసార్లు విన్నది.

142వ రోజు, మొదటి షిఫ్టు

దవాఖాన కొత్త నంబరు పంపినా పద్మాక్షి ఎందుకు ఫోటోలు చూడడం లేదో ఇవాళ తెలిసింది. గుట్ట మీది ఊరి బోర్డు తెరిచాను. పైన పెద్ద అక్షరాల్లో: గనిలో చిక్కుకున్న ఇరవై ముగ్గురి కోసం పద్నాలుగు మంది బయలుదేరారు. తేదీ నిన్నటిది. డాక్టరమ్మ వాళ్లతోనే ఉంది.

వాళ్లు పోయి పదకొండేళ్లయిందని, తప్పు నాదని, వెనక్కి పిలవమని ఆ బోర్డు మీద రాశాను. గంటలో జవాబు వచ్చింది. దారిలో వాళ్లకు కబురందే సాధనం లేదు.

పైన ఈ నెలలో ఎండ ఎలా ఉంటుందో మాకు తెలుసు. తెల్లారేముందు మూడు గంటలు, పొద్దుగూకాక రెండు గంటలు, అంతే నడవగలిగేది. కమిటీ కూర్చుంది. నేను సందేశాలన్నీ వినిపించాను. ఓదెలు మామ చివరి బల్ల మీద, అందరికీ కనిపించేట్టు కూర్చున్నాడు. మొదటినుంచి చివరిదాకా లేవలేదు. వినడం అయ్యాక ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అనేదానికంటే అదే కష్టంగా ఉంది.

8122 మూయాలా అని అడిగాను. వద్దన్నారు.

145వ రోజు, రెండో షిఫ్టు

వాళ్లు వచ్చారు. పద్నాలుగు మందిలో ఇద్దరు వడదెబ్బకు దారిలో వెనక్కి మళ్లారట. పన్నెండు మంది ఇనుప తలుపు ముందు నిలబడ్డారు. పెదాలు పగిలి ఉన్నాయి. తమవి కాక ఇరవై మూడు నీళ్ల డబ్బాలు మోసుకొచ్చారు, మనిషికి ఒకటి చొప్పున. వాటిలో ఒక్కదాని మూత కూడా తియ్యలేదు.

పద్మాక్షి నేననుకున్నదానికంటే చిన్నది, ముప్ఫై దాటి ఉండవు. తలుపు దగ్గరే చెప్పేశాను. ఆమె నన్ను నమ్మలేదు.

"కాదండి. మేము మాట్లాడితే ఒకావిడ జవాబిచ్చారు. నేను స్వయంగా విన్నాను."

బుచ్చమ్మత్త ముందుకొచ్చింది. "నేనే బిడ్డా. గోడకు ఇవతలకెళ్లి పలికిన. మీరు ఇంత దూరం నడిచొస్తరని నేననుకోలే. తప్పయింది."

పద్మాక్షి ఆ గొంతు గుర్తుపట్టింది. నీళ్ల డబ్బా దించి, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. వెనకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్ద వయసాయన, రోజూ వాతావరణం చెప్పినాయన, టోపీ తీశాడు.

పద్మాక్షి తల ఎత్తి అడిగింది. "వాళ్లు లోపలే ఉన్నారా ఇంకా?"

"ఉన్నరు."

"అయితే గోడ తీద్దాం. దానికే వచ్చాం."

146వ రోజు, మొదటి షిఫ్టు

గోడకు వేలెడంత రంధ్రం చేసి మీటరు పెట్టాం. గ్యాస్ లేదు. ఎన్నేళ్లుగా లేదో ఎవరికీ తెలియదు. ఇటుకలు తీసి, వాటి వెనక కూలిన కప్పురాళ్లలో మనిషి దూరేంత సందు చెయ్యడానికి రెండు గంటలు పట్టింది. లోపలినుంచి వచ్చిన గాలి పొడిగా ఉంది, పాత పుస్తకం తెరిస్తే వచ్చే వాసన.

ముందు ఒకరు మీటరు పట్టుకుని ఒంటరిగా లోపలికి పోవాలి. అది నియమం. గుట్ట నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరు ముందుకొచ్చారు. ఓదెలు మామ వాళ్ల మధ్య లోంచి వచ్చి మీటరు తీసుకున్నాడు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఆపుతారేమోనని బుచ్చమ్మత్త వైపు చూశాడు. ఆమె పక్కకు జరిగి దారిచ్చింది.

అది చూసి నేను కంట్రోల్ రూముకు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. రహీమా నా వెనక నిలబడింది. 8122 మీద పందొమ్మిది ఊళ్లవాళ్లు ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు.

నా బల్ల మీద ఏడో సొరంగం బటన్‌కు ఎర్రదీపం వెలిగింది. నేను నొక్కాను.

"కంట్రోల్ రూమ్" అన్నాడు ఓదెలు మామ. "ఏడో సొరంగంకెళ్లి మాట్లాడుతున్న. వినవడుతుందా?"

"వినపడుతుంది మామా. చెప్పు."

ఒక్కొక్కరి దగ్గర ఆగి, మెడలోని ఇత్తడి బిళ్ల తిప్పి, దాని మీది పేరు చదివాడు. ఒక్కో పేరు తర్వాత నేను "రాసిన" అన్నాను. అలా అనాలని ముందుగా అనుకోలేదు. శారద పేరు నాలుగోది. సొరంగం మొదట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉందని చెప్పాడు. ఆ మాట బుచ్చమ్మత్తకు చెప్పాలా వద్దా అని రహీమా కళ్లతో అడిగింది. చెప్పమన్నాను. పోయి చెప్పి వచ్చింది.

తర్వాత పేర్లు మెల్లగా వచ్చాయి. మధ్యలో ఆయన రెండుసార్లు ఆగిపోయాడు. రెండుసార్లూ నేను తొందరపెట్టలేదు.

"రాజేశం" అన్నాడు. పద్దెనిమిదోది. తర్వాత "సుగుణా" అన్నాడు.

"రాసిన" అన్నాను.

ఆ పేరు నేనే రాశాను. తర్వాత పెన్ను రహీమాకు ఇచ్చి, కుర్చీలోంచి లేచి, ఏడో సొరంగానికి నడిచాను. ఈ పేజీలో చివరి అయిదు పేర్లు ఆమె చేతిరాతలో ఉన్నాయి.